ఆర్నాల్డ్ లేన్ అనే వీధి

మా హాస్టల్లో చేతులు మారుతూ తిరిగిన ఒక టీడీకే క్యాసెట్టు అట్ట మీద, నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఎవరో పాటల పట్టిక రాసి పెట్టారు. అందులో మొట్టమొదటి పేరు ‘ఆర్నాల్డ్ లేన్’. రాసిన మహానుభావుడు రెండో మాటను సందుకు వాడే ఇంగ్లీషు స్పెల్లింగుతో రాశాడు కాబట్టి, అది లండన్లో ఎక్కడో ఉన్న ఇరుకు వీధి పేరని నేను ఏడాదికి పైగా నమ్మాను. నమ్మడమే కాదు, ఆ వీధిని మనసులో కట్టుకున్నాను కూడా. తడిసిన రాళ్ల దారి, రెండు వైపులా ఎర్ర ఇటుకల ఇళ్లు, చివర గ్యాసు దీపం, సగం మంచు. పాటలో ఎవరో ఆ వీధిని పేరు పెట్టి పిలుస్తున్నారని, అక్కడ పోగొట్టుకున్న దేనినో తలుచుకుంటున్నారని అనుకునేవాణ్ణి. ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం 1967లో విడుదల చేసిన తొలి సింగిల్ రికార్డు అదేనని గానీ, అందులో వీధి లేదని గానీ, ఉన్నదల్లా పెరట్లో తీగ మీద ఆరేసిన బట్టలేనని గానీ అప్పటికి నాకు తెలియదు.

అది 1989. నేను ఇంజనీరింగు రెండో సంవత్సరంలో ఉన్నాను. మా గదికి మూడు గదుల అవతల ఉండే ఫైనలియర్ అన్నకు గల్ఫ్‌లో పనిచేసే మేనమామ ఇచ్చిన జపాను టూ ఇన్ వన్, అంటే రేడియో, క్యాసెట్టు ప్లేయరు కలిసిన యంత్రం, ఉండేది. రాత్రి పదకొండు దాటాక వార్డెను చెవిన పడకుండా దానికి మందపాటి ఆకుపచ్చ టర్కీ తువాలు చుట్టి, స్పీకరు ముందు భాగం మాత్రం కాస్త తెరిచి, ఐదారుగురం నేల మీద చుట్టూ కూర్చునేవాళ్లం. యంత్రం అన్నది, కరెంటు పోయినప్పుడు వేసే బ్యాటరీలు ఇంకొకరివి, తువాలు తెచ్చే పూచీ నాది. క్యాసెట్టులో ఒక వైపు మొత్తం ‘రెలిక్స్’ అనే ఆల్బమ్ ఎక్కించి ఉండేది. పింక్ ఫ్లాయిడ్ తొలినాటి సింగిళ్లనూ, అటూ ఇటూ మిగిలిపోయిన పాటలనూ కలిపి 1971లో తెచ్చిన సంకలనం అది. తొంభై నిమిషాల క్యాసెట్టులో ఒక వైపుకు నలభై అయిదు నిమిషాలే పడతాయి, ఆ ఆల్బమేమో దాదాపు యాభై నిమిషాలు. అందువల్ల చివర్లో ఒక పాట మధ్యలోనే తెగిపోయేది, ఆ తర్వాతి పాట అసలు ఉండేదే కాదు. ఆ లేని పాట ఎలా ఉంటుందో ఊహించుకుంటూ గడిపిన రాత్రుళ్లు కూడా కొన్ని ఉన్నాయి.

అప్పట్లో మా అందరికీ పింక్ ఫ్లాయిడ్ అంటే ఆకాశం. వాళ్ల ఆల్బముల పేర్లలోని చంద్రుడి చీకటి వైపు, గోడలు, ఎక్కడికో తేలిపోయే గిటారు. దానికి తగ్గట్టే 1988 నవంబరులో సోయుజ్ టీఎం-7 నౌకలో బయలుదేరిన వ్యోమగాములు ఆ బృందం కచేరీ క్యాసెట్టును తమతో మీర్ అంతరిక్ష కేంద్రానికి తీసుకువెళ్లారు. భూమిని దాటిన తొలి రాక్ ఆల్బమ్ అదేనని మా అన్న ఎంత గర్వంగా చెప్పేవాడంటే, దాన్ని ఆ నౌకలోకి ఎక్కించింది తన మేనమామే అన్నంత ధీమా ఆ గొంతులో పలికేది. ఇంతటి వ్యోమసంగీతం మొదలైన చోటు ఎలాంటిదై ఉంటుందని మాలో ఎవరమూ అడగలేదు. ఆకాశం మొదలయ్యేది ఆకాశంలోనే అనుకున్నాం కాబోలు.

క్యాసెట్టు తిప్పగానే వచ్చే ఆ మొదటి పాట మూడు నిమిషాలు కూడా ఉండదు. దాని వెనకే వచ్చే ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’ దాదాపు పది నిమిషాల వాద్యసంగీతం, మాటలుండవు, పేరులోనే నక్షత్రాలున్నాయి. మాలో చాలామందికి అసలు ఫ్లాయిడ్ రెండో పాట నుంచి మొదలయ్యేది, మొదటి పాటను మైకు పరీక్షలాగా భరించేవాళ్లు. నాకు మాత్రం ఎందుకో ఆ మొదటిదే పట్టుకుంది. గిటారూ బేస్ గిటారూ డ్రమ్స్ కలిసి కాస్త బెదిరించే నడకతో మొదలవుతాయి, ఆ వెంటనే ఎవరో కుర్రవాడు ఏ ఆర్భాటమూ లేకుండా, పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నట్టు పాట అందుకుంటాడు. మధ్యలో ఆర్గన్ ఒకటి ముక్కుతో పాడినట్టు సన్నగా, వంకరగా పైకి పాకుతుంది. మన పాత సినిమాల్లో క్లబ్బు డాన్సు పాటలకు వాయించే కాంబో ఆర్గన్ జాతికి చెందినదే అదీనూ. అది బృందంలోని రిచర్డ్ రైట్ వాయించిన ఫార్ఫీసా ఆర్గన్ అని తర్వాత తెలుసుకున్నాను. ఆ ఆర్గన్ వినిపించే కొద్ది క్షణాలూ నా ఊహల వీధిలోకి మంచు దిగేది.

గొంతు గురించి ఇంకొక మాట చెప్పాలి. ఆ రోజుల్లో బ్రిటన్ గాయకులు పాట అందుకోగానే అమెరికన్ల యాసలోకి మారిపోవడం పరిపాటి. ఈ పాట రాసి పాడిన సిడ్ బారెట్ మాత్రం తాను పుట్టి పెరిగిన ఇంగ్లండు యాసలోనే పాడాడు. ఆ తేడా హాస్టల్లో మాకు తెలిసే అవకాశమే లేదు, ఎందుకంటే మాకు ఇంగ్లీషు పాటలన్నీ సమానంగా అర్థమయ్యేవి కావు. అయినా ఇందులో ఏదో ఇంటి మాటతీరు ఉన్నట్టు అనిపించేది. పుస్తకాల భాషలో నడిచే సభలో ఎవరో లేచి, మొహమాటం లేకుండా తమ ఊరి యాసలోనే మాట్లాడినప్పుడు ఒళ్లు కాస్త తేలికపడుతుంది చూడండి, అలాంటిదే.

నా వీధి కూలిపోయిన రోజు బాగా గుర్తుంది. దసరా సెలవులకు ఊరు వెళ్లి వచ్చిన అన్న ఎక్కడి నుంచో పాత ఇంగ్లీషు సంగీత పత్రిక ఒకటి పట్టుకొచ్చాడు. అట్ట లేదు, మధ్య పేజీలు ఎవరో పోస్టర్ల కోసం చింపుకున్నారు, కానీ ఫ్లాయిడ్ తొలినాళ్ల మీద వ్యాసం మాత్రం బతికింది. దాన్ని ఆయన మెస్సులో, పెరుగన్నం తింటున్న మాకు, పౌరాణికం చదివినట్టు చదివి వినిపించాడు. లేన్ అనేది వీధి కాదు, ఇంటిపేరు. స్పెల్లింగే వేరు. ఆర్నాల్డ్ లేన్ అనే మనిషికి ఒక వింత అలవాటు. రాత్రుళ్లు పెరళ్లలోకి దూరి, తీగ మీద ఆరేసిన ఆడవాళ్ల బట్టలు ఎత్తుకుపోతాడు, ఇంటికి వెళ్లి గోడకున్న నిలువుటద్దం ముందు వాటిని తొడుక్కుని చూసుకుంటాడు. చివరకు పట్టుబడతాడు, జైలు పాలవుతాడు, ఇంకెప్పుడూ అలా చెయ్యకని పాట అతణ్ణి మందలిస్తుంది. అంతే కథ. ముద్ద నోట్లో పెట్టుకున్నవాళ్లు పెట్టుకున్నట్టే ఆగి, ఆ తర్వాత గది కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ, ఏడాదిగా నడిచిన నా రాళ్ల దారి అంత హఠాత్తుగా ఖాళీ అయిపోయిందన్న చిన్న దిగులు లేకపోలేదు.

ఆ నవ్వుకు మరో కారణం కూడా ఉంది. మా హాస్టలు డాబా మీద ఈ చివరి నుంచి ఆ చివరికి జీఐ తీగలు నాలుగు వరుసలు కట్టి ఉండేవి. ఆదివారం ఉదయం అక్కడ వందలాది బనీన్లు, లుంగీలు, తువాళ్లు జెండాల్లా ఎగిరేవి, సాయంత్రానికి వాటిలో ఒకటో రెండో మాయమయ్యేవి. అది మగపిల్లల హాస్టలు కాబట్టి ఈ దొంగతనాల్లో ఏ వింత కోరికలూ లేవు, ఉన్నదల్లా సోమవారం పొద్దున్న ఉతికిన తువాలు కావాలన్న శుద్ధ అవసరమే. అయినా పాట కథ తెలిసిన రోజు నుంచి డాబా దొంగకు మా అంతస్తులో ‘ఆర్నాల్డ్’ అన్న పేరు స్థిరపడిపోయింది. పేరు పుట్టాక దానికో మనిషి కావాలి కదా. తెల్లవారుజామునే పుస్తకం పట్టుకుని డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకుకు ఆనుకుని చదువుకునే మా బ్యాచ్ కుర్రవాడు ఒకడు ఆ పేరుకు చిక్కాడు. అందరికంటే ముందు తన తువాలే పోయిందని అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. ఆ తర్వాత చదువు ముగిసేదాకా అతను ఆర్నాల్డ్‌గానే బతికాడు, ఆఖరికి వీడ్కోలు సభలో వేదిక మీదికి పిలిచినప్పుడు కూడా ఆ పేరుకే చప్పట్లు మోగాయి.

పాట వెనక ఉన్న అసలు సంగతులను ఆ తర్వాత చాలా ఏళ్లపాటు, దొరికిన చోటల్లా చదివి కూడగట్టుకున్నాను. ఆర్నాల్డ్ కల్పన కావచ్చు గానీ ఆ తీగలు కల్పన కావు. సిడ్ బారెట్, బృందంలో బేస్ గిటారు వాయించిన రోజర్ వాటర్స్ ఇద్దరూ కేంబ్రిడ్జి పట్టణంలో పెరిగినవాళ్లు, హిల్స్ రోడ్డులోని ఒకే బడిలో వాటర్స్ రెండేళ్లు ముందు చదివాడు. వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధంలో పోయాడు, పాథాలజిస్టు అయిన బారెట్ తండ్రి 1961 డిసెంబరులో మరణించాడు. రెండు ఇళ్లలోనూ తల్లులే సంసారం నెట్టుకొచ్చారు, ఇద్దరూ దగ్గర్లోని ఆడపిల్లల కళాశాల విద్యార్థినులకు గదులు అద్దెకిచ్చేవారు. దాంతో రెండు పెరళ్లలోనూ తీగల నిండా ఆ అమ్మాయిల లోబట్టలు ఆరుతూ ఉండేవని, ఎవరో వాటిని ఎత్తుకుపోతుండేవాడని వాటర్స్ తర్వాతి రోజుల్లో చెప్పాడు. ఆ దొంగ ఎవరన్నది తేలలేదు. తండ్రి లేని ఇంట్లో ఆరుతున్న అద్దెపిల్లల బట్టలు, రాత్రి పెరట్లో అలికిడి, పొద్దున వంటింట్లో గుసగుసలు, ఇవన్నీ పదిహేను పదహారేళ్ల పిల్లాడి చెవిన ఎలా పడి ఉంటాయో నేను ఊహించుకోగలను. బారెట్ వాటిని మరిచిపోలేదు, పేరు పెట్టి, అద్దం ముందు నిలబెట్టి, పాట చేశాడు.

లండన్లో రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చరు చదవడానికి వెళ్లిన వాటర్స్‌కు అక్కడ డ్రమ్మరు నిక్ మేసన్, రిచర్డ్ రైట్ తోడయ్యారు. 1964లో చిత్రకళ నేర్చుకోవడానికి క్యాంబర్‌వెల్ కళాశాలలో చేరిన బారెట్ తర్వాత వాళ్లతో కలిశాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లలోంచి చెరో ముక్క తీసి బృందానికి పేరు పెట్టింది అతనే. 1966 డిసెంబరు 23న టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులోని ఒక ఐరిష్ నాట్యశాలలో జో బోయిడ్, జాన్ హాప్కిన్స్ కలిసి మొదలుపెట్టిన యూఫో క్లబ్బు వీళ్లకు సొంత ఇల్లయింది. అక్కడ తెల్లవార్లూ, గోడల మీద రంగునూనెలు కదిలే స్లైడు దీపాల వెలుగులో, ఒక్కో పాటను ఇరవై నిమిషాల దాకా సాగదీసి వాయించేవారు. బారెట్ గిటారు తీగల మీద సిగరెట్టు లైటరు జారుస్తూ, ఎకోరెక్ అనే ఇటలీ యంత్రంతో ఆ ధ్వనిని మళ్లీ మళ్లీ ప్రతిధ్వనింపజేసేవాడు. సైకెడెలిక్ రాక్ అనే మాట వినగానే జనం మనసులో మెదిలే దృశ్యం ఇదే. అయితే సింగిల్ రికార్డు అంటే ఏడంగుళాల పళ్లెం, ఒక వైపుకు మూడు నిమిషాలు. ఇరవై నిమిషాల మేఘాన్ని మూడు నిమిషాల డబ్బాలోకి ఎక్కించడం కుదరదు, డబ్బాకు సరిపడే కథ ఒకటి కావాలి. నా మటుకు నాకు, బారెట్ గొప్పతనం ఆ మేఘంలో కంటే ఈ డబ్బాలోనే ఎక్కువగా కనబడుతుంది.

రికార్డింగు చెల్సియాలో ఓల్డ్ చర్చ్ స్ట్రీట్‌లోని సౌండ్ టెక్నిక్స్ అనే స్టూడియోలో, 1967 శీతకాలంలో జరిగింది. నిర్మాత జో బోయిడ్, ఇంజనీరు జాన్ వుడ్. ఆ కట్టడం అంతకు ముందు పాల డెయిరీ. ఈ సంగతి చదివిన రోజున నాకెంత సంబరం కలిగిందో చెప్పలేను. అంతరిక్షానికి వెళ్లిన బృందం తొలి పాట పెరటి తీగ మీద పుట్టి పాల డెయిరీలో రికార్డయింది, ఇంతకంటే ఇంటి వాసన ఉన్న పుట్టుక ఏ పాటకుంటుంది. నాలుగు ట్రాకుల టేపు మీద ఆ డెయిరీలో చేసిన పని ఎంత నిక్కచ్చిగా కుదిరిందంటే, ఆ ఏడాదే ‘సీ ఎమిలీ ప్లే’ అనే రెండో సింగిల్ దగ్గరికి వచ్చేసరికి, ఈఎంఐ అనే రికార్డు సంస్థ తన సొంత నిర్మాత నార్మన్ స్మిత్‌ను పెట్టి, సొంత ఆబీ రోడ్డు స్టూడియోలో ప్రయత్నించినా ఆ నాదం చిక్కక, మళ్లీ అందరూ ఓల్డ్ చర్చ్ స్ట్రీట్‌కే రావలసి వచ్చింది. బోయిడ్‌ను మాత్రం పిలవలేదు. ఈఎంఐ అయిదు వేల పౌండ్ల అడ్వాన్సుతో బృందాన్ని తీసుకున్నప్పుడు, నిర్మాతలు తమవాళ్లే ఉండాలనే ఆనవాయితీ ప్రకారం అతణ్ణి పక్కన పెట్టింది. తొలి పంట పండించినవాణ్ణి రెండో పంటకు పొలంలోకి రానివ్వకపోవడమనే ఈ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే.

రికార్డు 1967 మార్చి 10న ఈఎంఐ వారి కొలంబియా ముద్రతో బజారుకు వచ్చింది. రెండో వైపు పాటకు బారెట్ మొదట పెట్టిన పేరు ‘ఇంకోటి చుడదాం’ అని అర్థమిచ్చేది, చుట్టేది ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. కంపెనీవాళ్లు అభ్యంతరపెట్టారు, దాంతో అది మాటలు మార్చుకుని మిఠాయి, ఎండుద్రాక్ష బన్ను పేర్లతో ‘క్యాండీ అండ్ ఎ కరంట్ బన్’ అయింది. ఇక మొదటి వైపు పాటను రేడియో లండన్ నిషేధించింది. ఈ నిషేధంలోని తమాషా ఏమిటంటే, రేడియో లండన్ అంటే ప్రభుత్వ రేడియో కాదు, ఎసెక్స్ తీరానికి ఆవల సముద్రంలో లంగరేసిన ఓడ మీంచి, లైసెన్సు లేకుండా పాటలు ప్రసారం చేసే దొంగ రేడియో. చట్టానికి చిక్కకుండా నీళ్ల మీద తేలుతున్నవాళ్లకు పెరటి తీగ దొంగ మీద నీతి గుర్తుకొచ్చింది. ప్రచారం కోసం డెరెక్ నైస్ దర్శకత్వంలో ససెక్స్‌లోని ఈస్ట్ విట్టరింగ్ సముద్రతీరాన నలుపు తెలుపు చిత్రం కూడా తీశారు. కోటులు తొడుక్కున్న నలుగురు కుర్రాళ్లు చలిగాలిలో బట్టలషాపు బొమ్మ ఒకదాన్ని మోసుకుంటూ, దానికి వేషం వేస్తూ పరుగెత్తడమే అందులో ఉన్నదంతా. ఇప్పుడు చూస్తే కాలేజీ వార్షికోత్సవానికి హడావుడిగా తయారుచేసిన స్కిట్టులా ఉంటుంది, అందుకే నాకు ఇష్టం. ఇంత జరిగినా పాట బ్రిటన్ అమ్మకాల పట్టికలో 20వ స్థానం దాకా ఎక్కింది. ఆగస్టులో వచ్చిన తొలి ఆల్బమ్ ‘ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్’ బ్రిటన్ ముద్రణలో దీనికి చోటివ్వలేదు. కాబట్టి మా హాస్టలు క్యాసెట్టులాంటి సంకలనాలే లేకపోతే నేను దీన్ని విని ఉండేవాణ్ణే కాదు.

బారెట్ ఆ ఏడాది చివరికే చెదిరిపోయాడు. 1968 మొదట్లో గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ వచ్చాడు, ఏప్రిల్ నాటికి బారెట్ బృందంలో లేడు. ఆ కథ చాలామంది చాలాసార్లు రాశారు, కొందరు మరీ రుచి చూస్తూ రాశారు. నేను దాని జోలికి పోను.

2005లో కంపెనీ పని మీద రెండేళ్లకు ఇంగ్లండు వెళ్లాను. లండనుకు ఉత్తరాన ఒక ముసలావిడ ఇంట్లో పై గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ పెరట్లో, గచ్చులో పాతిన ఇనుప కడ్డీకి, తిరగేసిన గొడుగులా విచ్చుకునే బట్టల స్టాండు ఒకటి ఉండేది. గాలి వీస్తే దానంతటదే గిర్రున తిరిగేది. వాన చినుకు పడగానే ఆవిడ కింది నుంచి నన్ను కేకేసేది, ఇద్దరం పరుగున పోయి బట్టలు తీసేవాళ్లం. అలా ఒక సాయంత్రం క్లిప్పులు డబ్బాలో వేస్తూ, మొహమాటపడుతూనే, ఆర్నాల్డ్ లేన్ పాట తెలుసా అని అడిగాను. పాట తెలియదన్నది. కథ చెప్పాను. ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. తన చిన్నప్పుడు వాళ్ల వీధిలో కూడా అలాంటివాడు ఒకడు ఉండేవాడని, వాళ్లమ్మ పెద్ద దుప్పట్లు బయటి తీగల మీద, చిన్న బట్టలు లోపలి తీగల మీద ఆరేయడం అందుకే నేర్పిందని చెప్పి, నా లోపలి తీగల మీదున్న చొక్కాలను చూసి నవ్వింది. నలభై ఏళ్ల కిందట ఏ రేడియో ఓడలో ఎవరికి ఎందుకంత సిగ్గు వేసిందో ఆవిడ పెరట్లో నిలబడితే అర్థం కాదు.

2006 జూలై 7న సిడ్ బారెట్ కేంబ్రిడ్జిలోనే మరణించాడు, అరవయ్యేళ్ల వయసులో. నాలుగు రోజుల తర్వాత వార్త బయటికి వచ్చింది. ఆ శనివారం కింగ్స్ క్రాస్‌లో రైలెక్కి కేంబ్రిడ్జి వెళ్లాను. స్టేషను నుంచి బయటపడితే నాలుగడుగుల్లో హిల్స్ రోడ్డు వస్తుంది. ఏ ఇంటి ముందూ ఆగకూడదని ముందే అనుకున్నాను, బతికున్నన్నాళ్లూ గుమ్మం ముందు ఆగే అభిమానులతో ఆయన విసిగిపోయాడని చదివాను గనక. ఊరికే ఆ పొడవాటి రోడ్డు వెంట నడిచాను. ఎండ బాగా కాస్తోంది, సైకిళ్లు పోతున్నాయి, రెండు వైపులా ఇళ్లు, ముందు చిన్న తోటలు. పెరళ్లు మాత్రం ఎక్కడా కనబడవు. ఆ దేశంలో పెరడు అనేది ఇంటి వెనక, గోడల మధ్య ఉండే రహస్యం, రోడ్డు మీద పోయేవాడికి దాని అంచు కూడా తగలదు. వీధి చూద్దామని వచ్చినవాడికి వీధి దొరికింది గానీ తీగ దొరకలేదు. ఒక్క చోట, రెండిళ్ల మధ్య సందులోంచి, దూరంగా తెల్లటి దుప్పటి అంచు ఒకటి గాలికి లేచి పడటం చూశాను. అక్కడ కూడా ఆగలేదు. ఆగితే నేను ఎవరిలా కనబడతానో నాకు తెలుసు.

తిరుగు ప్రయాణానికి ముందు ఊళ్లో పాత సీడీలు అమ్మే కొట్టొకటి కనబడితే లోపలికి వెళ్లాను. 1997లో ముప్పయ్యేళ్ల సందర్భంగా ఫ్లాయిడ్ తొలి మూడు సింగిళ్లనూ రెండేసి వైపులతో కలిపి తెచ్చిన చిన్న సీడీ అక్కడ దొరికింది. మిఠాయి, బన్నుల పాటను మొదటిసారి విన్నది దాంట్లోనే, రైల్లో, ఇయర్‌ఫోన్లలో. అది గొప్ప పాటని చెప్పలేను. కానీ ఇరవయ్యేళ్లకు దగ్గరగా ఒక వైపే తెలిసిన పళ్లెం, ఆ రోజు మొదటిసారి నా చేతిలో తిరగబడింది.

అదే 2006 మే నెలలో లండను రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో గిల్మోర్ కచేరీకి గాయకుడు డేవిడ్ బౌవీ వచ్చి ఈ పాట పాడాడు, ఆర్గన్ దగ్గర రైట్ ఉన్నాడు. అప్పటికి నేను ఆ హాలుకు గంట ప్రయాణం దూరంలో ఉన్నాను, టిక్కెట్టు ధర చూసి వెనకడుగు వేశాను. ఆ లెక్క తప్పని ఇప్పుడు తెలుసు, అప్పుడు మాత్రం ఇంటికి పంపవలసిన డబ్బు లెక్కే కనబడింది. ఆ ప్రదర్శన ఏడాది చివర్లో సింగిల్‌గా వచ్చి 19వ స్థానం అందుకుంది. అసలు పాట 1967లో ఆగిపోయిన మెట్టుకు సరిగ్గా ఒక మెట్టు పైన. 2007 మే 10న లండన్లోని బార్బికన్ హాల్లో బారెట్ స్మృతికి జరిగిన కచేరీలో గిల్మోర్, రైట్, మేసన్ ముగ్గురూ కలిసి ఇదే పాట వాయించారు. వాటర్స్ అదే రాత్రి అదే వేదిక మీద విడిగా పాడి వెళ్లిపోయాడు. 2008 సెప్టెంబరులో రైట్ పోయాడు. దాంతో ఆ ముగ్గురూ కలిసి వాయించే అవకాశమే లేకుండా పోయింది. ఆ వీడియోలో రైట్ తల వంచుకుని, మునుపటి సన్నని ఆర్గన్ వరుసనే మళ్లీ వాయిస్తూ పాడటం చూస్తే, నా మంచు వీధి గచ్చు పగలకుండా ఎక్కడో అలాగే ఉందనిపిస్తుంది.

హాస్టలు రోజుల క్యాసెట్టు నా దగ్గరే మిగిలింది. అన్న ఉద్యోగానికి బొంబాయి వెళ్తూ ఇచ్చి వెళ్లాడు. రెండేళ్ల కిందట మా బ్యాచ్ వాట్సాప్ గుంపులో బార్బికన్ వీడియోతో పాటు ఆ క్యాసెట్టు అట్ట ఫొటో కూడా పెట్టాను. వీధి స్పెల్లింగుతో, నీలం సిరాతో రాసిన మొదటి వరుస కనబడేలా, పక్కనే మేమందరం నేల మీద టూ ఇన్ వన్ చుట్టూ కూర్చున్న పాత రంగుల ఫొటో కూడా. బ్రెజిల్ నుంచి ఒకడు, బెంగళూరు నుంచి ఇద్దరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అన్న పాడైపోయిన మోకాళ్ల గురించి రాశాడు. విశాఖలో ఉంటున్న మా ఆర్నాల్డ్ మాత్రం ఆ రోజంతా ఏమీ అనలేదు. మర్నాడు తెల్లవారుజామున, అతను డాబా ఎక్కే వేళకే, నాకు విడిగా సందేశం వచ్చింది. రంగుల ఫొటోలో టూ ఇన్ వన్ ఉన్న భాగాన్ని పెద్దది చేసి, దాని కింద ఒక్క వాక్యం రాశాడు.

“ఒరేయ్, ఆ ఆకుపచ్చ తువాలు అంచున ఎర్ర దారంతో కుట్టిన అక్షరం మా అమ్మ కుట్టిందిరా.”